అత్తగారి మెడలో తెల్లడబ్బీ

ఆ లాండ్రీలో మూడు పెద్ద మిషన్లు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదాని పేరు అత్తగారు. పక్కనున్న రెండూ కోడళ్ళు. పేర్లు పెట్టింది ఇస్త్రీ బల్ల దగ్గరుండే మామ. కోడళ్ళు ఎంత చాకిరీ చేసినా నోరెత్తవు. అత్తగారు మాత్రం నీళ్ళు పట్టుకున్నది మొదలు గుడ్డలు పిండి వదిలేదాకా ఏదో ఒకటి సణుగుతూనే ఉంటుంది. ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు, రోగుల గౌన్లు, మరకలు పడ్డ గుడ్డలు అన్నీ దాని కడుపులోకే పోతాయి. మనిషి నడుం దాకా లోపలికి దూరగలిగేంత గుండ్రటి తలుపు దానిది. ఆ ముఖం గదిలోకి ఉంటుంది, వీపు వెనక ఉన్న ఇరుకు సందులోకి. ఆ సందులో మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే.

అత్తగారి ముందు నిలబడేది పెద్దక్క. గుడ్డలు కుక్కడం, తలుపు బిగించడం, బొత్తం నొక్కడం ఆమె పని. అది తిరుగుతున్నంతసేపూ దానికి ఎదురుగా ఉన్న బల్ల మీద, అంతకుముందు ఉతికినవి మడత పెడుతుంది. మోకాలు నొప్పి మనిషి. నొప్పెక్కువైనప్పుడు వెనక్కి జరిగి ఆ తలుపుకే వీపు ఆనించి కాసేపు నిలబడుతుంది.

"అత్తగారి మీద ఒరుగుతావేంటే, మర్యాద లేకుండా?" అనేవాడు మామ.

"నా సొంత అత్త ఏనాడూ ఇంత ఆసరా ఇవ్వలేదు మామా. ఒరగనీ."

లాండ్రీకి ఫిట్టరు ఆమె సొంత తమ్ముడు. పెద్దక్క రోజంతా "ఒరే తమ్ముడూ" అని కేకేస్తూ ఉండేసరికి అతను అందరికీ తమ్ముడే అయిపోయాడు. వయసులో చిన్నవాడైన మేనేజరు కూడా తమ్ముడూ అనే పిలిచేవాడు. ఆ మేనేజరుకి జనం పెట్టుకున్న పేరు తొందర సారు. భోజనం దగ్గర కూడా గడియారం చూసుకుంటూ తినే మనిషి. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కే. ఈ పనిలో పెట్టించిందీ ఆమే. తమ్ముడికి ఆమె తప్ప నా అన్నవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం అత్తగారు నడిచింది.

గుడ్డలు పిండటం అయిపోయి, వేగం తగ్గి ఆగబోయే ముందు ఇలాంటి మిషన్లన్నీ ఒకసారి ఒళ్ళు విదిలించుకుంటాయి. జోరుగా తిరిగేటప్పటి నిలకడ పోతుంది, ఆగిపోవడం ఇంకా రాదు, ఆ నడిమి వేగంలో తడిబరువంతా ఒక పక్కకి లాగుతుంది. బాగున్న మిషన్ అయితే కనురెప్ప వేసేలోపు ఆ గండం దాటిపోతుంది. ఆ రోజు అత్తగారు దాటలేకపోయింది. నేల అదిరింది. బల్ల మీది మడతలు జారి కింద పడ్డాయి. మిషన్ని నేలకి పట్టి ఉంచే బోల్టు ఒకటి తెగి, పెద్దక్క భుజం పక్కనుంచి దూసుకెళ్ళి ఎదుటి గోడలో దిగబడింది.

"అత్తగారు చెయ్యి చేసుకుందర్రా!" అన్నాడు మామ. ఎవరూ నవ్వలేదు. అన్న మామ కూడా నవ్వలేదు.

తమ్ముడు వెనక సందులో దూరి చూశాడు. లోపల గుడ్డలు తిరిగే డ్రమ్ముని మోసే లావుపాటి షాఫ్టు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బేరింగు అరిగిపోయింది. ఇనప కడ్డీ పెట్టి ఎత్తితే షాఫ్టు పైకీ కిందికీ ఆడింది.

"కొత్తది వేయాలి సార్," అన్నాడు తొందర సారుతో. "ఇది విరిగిందంటే డ్రమ్ము తలుపుతో సహా ముందుకొచ్చి పడుతుంది. ముందు ఉండేది మా అక్క."

"తెప్పిద్దాం, తెప్పిద్దాం. తొందరగా ఆ బోల్టు వేసెయ్."

యజమాని నిజంగానే భయపడ్డాడు. బేరింగు తెప్పించమన్నాడు. దాంతోపాటు, ఇంకెప్పుడూ ఇలా చెప్పాపెట్టకుండా ముంచుకు రాకూడదని, ఎవరో స్నేహితుడు చెబితే, మిషన్లని కనిపెట్టుకుని ఉండే డబ్బీలు కూడా తెప్పించాడు. బేరింగు కంటే డబ్బీలే ముందొచ్చాయి.

కంపెనీ మనిషి ఒకడు వచ్చి మూడు మిషన్లకీ మూడు డబ్బీలు అంటించి పోయాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, తెల్లవి. అడుగున అయస్కాంతం. ఒక్క తీగ కూడా లేదు. బేరింగు ఉండే గూడు మీద, అంటే అత్తగారి మెడ మీద, టప్పుమని అతుక్కుంది డబ్బీ. మిషన్ ఎంత అదురుతోందో, ఎంత వేడెక్కిందో అదే కనిపెట్టి గాల్లోంచి ఫోన్లకి కబురు పంపుతుంది. బాగుంటే ఆకుపచ్చ చుక్క. తేడా వస్తే ఎర్ర చుక్క, దాంతోపాటు చెవులు చిల్లులు పడే కూత. తొందర సారు ఫోన్లో, తమ్ముడి ఫోన్లో, పెద్దక్క ఫోన్లో ఆ చుక్క చూపించే యాప్ ఎక్కించారు. ఎక్కడో దూరాన కంపెనీ ఆఫీసులో కూర్చుని ఒక అమ్మాయి కూడా ఇవన్నీ చూస్తూ ఉంటుందట.

"కొన్ని వారాలపాటు ఇలాగే నడవనివ్వండి," అన్నాడు కంపెనీ మనిషి. "ఈ మిషన్ మామూలుగా ఎలా ఉంటుందో ఇది నేర్చుకుంటుంది. ఆ తర్వాత మామూలుకి తేడా వస్తే అరుస్తుంది."

"వెనక బేరింగు మార్చేది ఉందండీ," అన్నాడు తమ్ముడు.

"నేర్చుకుంటున్నప్పుడు ఏదీ మార్చకూడదు. మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎలా ఉందో అలాగే ఉంచండి. ఇక దీని గురించి మీకు బెంగ అక్కర్లేదు."

తమ్ముడు తల ఊపాడు. కొత్త బోల్టులు వేశాక విదిలింపు కాస్త తగ్గింది కూడా. కొన్ని వారాలే కదా అనుకున్నాడు. కంపెనీ మనిషి చెప్పిపోయినట్టే అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ఎర్ర చుక్క పడితే ఏం చేయాలో చేయించి మరీ చూపించాడు. మిగతావాళ్ళు చేతిలో ఏముంటే అది వదిలేసి గేటు బయటికి పోవాలి. పెద్దక్క మాత్రం మిషన్ పక్కనున్న పెట్టె మీది ఆపే బొత్తం నొక్కి, అప్పుడు పోవాలి.

"నేనొక్కదాన్నే ఎందుకురా వెనక?"

"బొత్తం నీదగ్గరుంది కాబట్టి. ముందు బొత్తం, తర్వాత గుమ్మం. చెప్పు."

"ముందు బొత్తం, తర్వాత గుమ్మం. బళ్ళో పంతులు కంటే అన్యాయంగా ఉన్నావురా నువ్వు."

ఆ చప్పుడులో పనిచేసేవాళ్ళకి చెవి పోటు మామూలే. ఇదివరకు మిషన్ గొంతు వినాలి కాబట్టి ఓర్చుకునేవాళ్ళు. ఇప్పుడు తమ్ముడే దూది తెచ్చి పంచాడు. "ఇక చెవులతో పనిలేదక్కా. అది చూసుకుంటుంది. నువ్వు చుక్క చూసుకో, చాలు."

ఆ వారాలన్నీ అత్తగారు అరిగిన బేరింగుతోనే తిరిగింది. సణిగింది, మూలిగింది, ఆగేముందు ఒళ్ళు విదిలించుకుంది. మెడ మీద కూర్చుని తెల్లడబ్బీ అదంతా శ్రద్ధగా నేర్చుకుంది.

నేర్చుకోవడం అయిపోయిందని ఫోన్లో కబురొచ్చాక, సెలవు రోజు చూసి తమ్ముడు కొత్త బేరింగు వేశాడు. చెమటలు కక్కుతూ వేశాడు. మర్నాడు పొద్దున పెద్దక్క మొదటి వాయి గుడ్డలు వేసి బొత్తం నొక్కింది. నీళ్ళు పట్టింది, ఉతికింది, పిండటం మొదలుపెట్టింది. అత్తగారి నోట్లోంచి మాట లేదు. గాలి దూసుకుపోతున్నట్టు సన్నటి ఊళ తప్ప ఇంకేమీ లేదు.

పెద్దక్క ఒక చెవిలో దూది తీసి చూసింది. "ఒరే తమ్ముడూ, అత్తగారికి నోరు పడిపోయిందేంట్రా?"

"పెద్దావిడ ఉన్నట్టుండి సణగడం మానేసిందంటే భయపడాలే," అన్నాడు మామ. "లోపల ఏదో అనుకుంటోందన్నమాట."

మామ మాట పూర్తవకముందే మూడు ఫోన్లూ ఒక్కసారి కూశాయి. ఎర్ర చుక్క. చేయించి చూపించినట్టే అందరూ గేటు బయటికి పరిగెత్తారు. పెద్దక్క బొత్తం నొక్కి, కుంటుకుంటూ వెనక వచ్చింది. మిషన్ ఒళ్ళు విదిలించుకోకుండా మెత్తగా ఆగిపోయింది. అదీ వింతగానే తోచింది అందరికీ.

తమ్ముడి ఫోను మోగింది. కంపెనీ ఆఫీసులో కూర్చుని చూసే అమ్మాయి. అప్పటికే ఒకటి రెండుసార్లు మాట్లాడింది. లాండ్రీలో ఆమెకి కబుర్లమ్మాయి అని పేరు. ఆమె ఫోను చేస్తే చాలు, "అదుగో, మా మరదలు పిల్ల పిలుస్తోంది, పోరా" అని పెద్దక్క తమ్ముణ్ణి ఏడిపించేది. ఆ రోజు ఏడిపించలేదు.

"మీ పెద్ద మిషన్ మామూలుగా ఉండేదానికీ ఇప్పటికీ చాలా తేడా కనబడుతోందండీ," అంది కబుర్లమ్మాయి. "ఈమధ్య ఏమన్నా మార్చారా?"

"బేరింగు మార్చాం."

"అయితే అదే అయ్యుంటుంది. పాతది మళ్ళీ పెట్టి చూస్తారా ఒకసారి?"

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని వేసిన బేరింగు. దుకాణంవాడు నకిలీ సరుకు అంటగట్టాడేమో! ఆ దుకాణంలో అలాంటివి జరుగుతాయని ఊరంతా అనుకునేదే. తొందర సారు పక్కనే నిలబడి, ఆసుపత్రివాళ్ళ బండి వచ్చే వేళయిందని గడియారం చూపిస్తున్నాడు. అవతలి గదిలోంచి యజమాని ఫోను. తేడా ఉందని అందరూ అన్నారు. అది ఎటువైపు తేడా అని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రానికల్లా పాత బేరింగుని కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు కూరి, తిరిగి దాని గూట్లో కూర్చోబెట్టాడు. కూర్చోబెడుతున్నప్పుడు షాఫ్టు కొద్దిగా ఆడింది. అత్తగారు నడిచిన రోజు తప్పు బోల్టులదేనేమో, ఇన్ని వారాలూ ఏమీ కాలేదుగా, అని సర్దిచెప్పుకున్నాడు. మిషన్ తిప్పాడు. అత్తగారు గొంతు సవరించుకుని సణగడం మొదలెట్టింది. ఫోన్లో పచ్చ చుక్క వెలిగింది.

తొందర సారు చప్పట్లు కొట్టాడు.

"ఆఁ, ఇప్పుడు మా అత్తలా ఉంది," అని పెద్దక్క దూది పెట్టుకుని బల్ల దగ్గరికి పోయింది.

తమ్ముడు కొత్త బేరింగుని తీసుకెళ్ళి దుకాణంవాడితో పెద్ద గొడవ పెట్టుకుని, ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత ప్రతిరోజూ పచ్చగానే ఉంది. గొంతు కాస్త బండబారినట్టు అనిపించిన రోజున కూడా పచ్చే. గోడకున్న అద్దం ఖణఖణలాడిన రోజున కూడా పచ్చే. అద్దం చప్పుడుకి తల తిప్పిన వాళ్ళు ఫోను వంక చూసుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళు.

వర్షాలు పట్టాయి. ఆసుపత్రుల నుంచి కంబళ్ళు రావడం మొదలైంది. నీళ్ళు తాగితే కంబళి ఒక్కొక్కటీ శవంలా బరువెక్కుతుంది. ఒక పగటిపూట, తలుపు పట్టనంతగా కంబళ్ళు కుక్కి పెద్దక్క బొత్తం నొక్కింది. గేటు బయట బండి ఆగి ఉంది. తొందర సారు గుమ్మంలో నిలబడి, "ఈ వాయి దించితే పంపేద్దాం, కానీండి కానీండి," అంటున్నాడు.

తమ్ముడు వెనక సందులో గ్రీజు పెడుతున్నాడు. కొత్త గ్రీజు లోపలికి పోతుంటే పాతది అంచు వెంట బయటికి వస్తోంది. దాన్ని వేలితో తీసి చూశాడు. మెరుస్తోంది. చేప పొలుసుల్లా సన్నటి ఇనప రజను. బొటనవేలితో రాస్తే చర్మం గీసుకుపోయింది.

మిషన్ అప్పుడే పిండటం అందుకుంది. చూస్తుండగానే వేగం పెరిగింది. తమ్ముడు చెయ్యి తుడుచుకుని బేరింగు గూడు మీదికి లైటు వేశాడు. తెల్లడబ్బీకి పక్కనే, వెంట్రుకలా ఒక గీత. గ్రీజు మరక అనుకుని గుడ్డతో తుడిచాడు. పోలేదు. ఆ గీత తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది, ఊపిరి తీస్తున్నట్టు.

ఫోను తీసి చూశాడు. పచ్చ చుక్క.

కబుర్లమ్మాయికి ఫోను చేశాడు.

"చెప్పండి. మీ మిషన్ చక్కగా ఉందండీ."

"అదే అడుగుతున్నానమ్మా. చక్కగా ఉందని ఎలా తెలుసు?"

ఆమె చిన్నగా నవ్వింది. "డబ్బీ చెబుతోందిగా. మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉంది."

"మామూలంటే ఏది మామూలు?"

"పెట్టిన కొత్తలో కొన్ని వారాలు నేర్చుకుంది కదండీ. అదే."

తమ్ముడు లెక్కేసుకున్నాడు. పెట్టిన కొత్తలో. బోల్టు తెగి గోడలో దిగబడ్డ తర్వాత. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతున్న ఆ వారాలు.

"ఒక్క మాట చెప్పమ్మా. ఆమధ్య ఎర్రగా వచ్చిన రోజున, అదురు పెరిగిందా, తగ్గిందా?"

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. "తగ్గిందండీ. చాలా తగ్గిపోయింది. అందుకే తేడా అని చూపించింది."

 జబ్బు చేసిందని వైద్యుణ్ణి పిలిపిస్తే, ఆ వైద్యుడు వచ్చీ రాగానే జబ్బునే ఆరోగ్యమని రాసుకున్నాడు. ఒళ్ళు బాగుపడిన ఆ ఒక్క పూటా కొంప మునిగిందని కేకలు పెట్టాడు. తనే, ఈ చేతులతోనే, జబ్బుని తిరిగి తెచ్చి ఒంట్లో పెట్టాడు. దాని ముందు అక్కని నిలబెట్టాడు. చెవుల్లో దూది కూడా పెట్టాడు.

ఇప్పుడు ఆపితే? వేగం తగ్గుతుంది. తగ్గితే ఆ నడిమి గండం వస్తుంది. ఇంత బరువుతో, ఈ పగులుతో అత్తగారు ఆ గండం దాటలేదు. ఆపకపోయినా పిండటం అయ్యాక అదే ఆగుతుంది, అప్పుడూ అంతే. అది జోరుగా తిరుగుతున్నంతసేపే వ్యవధి. ఆ లోపల అందరూ బయటికి పోవాలి. అంతకుమించి దారి కనిపించలేదు.

సందులోంచి పక్కకి పక్కకి గీరుకుంటూ బయటపడి, ముందు గదిలోకి పరిగెత్తాడు.

"బయటికి! అందరూ బయటికి! అక్కా!"

ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? పెద్దక్క వీపు మిషన్ తలుపుకి ఆనించి నిలబడి ఉంది. మోకాలు రుద్దుకుంటోంది. తమ్ముడి నోరు కదలడం చూసి, ఏదో పరాచికం ఆడుతున్నాడనుకుని నవ్వింది. అతను వచ్చి భుజం పట్టి లాగితే విదిలించుకుంది.

"చెయ్యి తియ్యరా, గ్రీజంతా పూశావు! ఏమైందిప్పుడు?"

"పగిలిందక్కా! మెడ పగిలింది! రా!"

ఆమె చెవిలో దూది ఒకటి తీసింది. జేబులోంచి ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టింది. "పచ్చగా ఉంటేనూ? నువ్వే కదరా చుక్క చూసుకో, చాలు అన్నావు?"

"అది తప్పు చెబుతోంది!"

"మొన్నటిదాకా దేవుడిలా చెప్పింది, ఇవాళ తప్పు చెబుతోందా?" అని తొందర సారు గుమ్మంలోంచి అడ్డుపడ్డాడు. తన ఫోను కూడా ఎత్తి చూపించాడు. "తమ్ముడూ, బండి ఆగి ఉంది. నీకూ దుకాణంవాడికీ ఉన్న గొడవ తర్వాత చూసుకో."

మామ ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, ప్లగ్గు పీకేసి బయటికి నడిచాడు. మిగతావాళ్ళు కదల్లేదు. ఒక్కొక్కరూ తమ ఎదుటి పని వంక, పెద్దక్క వంక చూశారు. పెద్దక్క వెళితే వెళ్ళేవాళ్ళే. పెద్దక్క దూది మళ్ళీ పెట్టుకుంది.

ఒక్కొక్కరినీ ఎత్తి బయట పడెయ్యడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. వీళ్ళు తన నోటి మాట వినరు, డబ్బీ మాట అయితేనే వింటారు. అయితే డబ్బీతోనే చెప్పించాలి.

తమ్ముడు మళ్ళీ సందులోకి దూరాడు. నడుముకున్న స్పానరు తీసి, తెల్లడబ్బీ నెత్తిన ఒక్కటిచ్చాడు. పచ్చ. ఇంకొకటి. ఇంకొకటి. ఏడుస్తూ కొట్టాడు. పగులు పక్కనే దెబ్బలు పడుతున్నాయి. ఆ సంగతి తెలిసే కొట్టాడు.

ఫోన్లు కూశాయి.

సందు చివర సన్నటి చీలికలోంచి గది కనిపిస్తోంది. గుడ్డలు నేలమీద పడ్డాయి. చీరల అంచులు, చెప్పుల్లేని పాదాలు గుమ్మం వైపు పరిగెత్తాయి. తొందర సారు అందరికంటే ముందున్నాడు. తమ్ముడు ఊపిరి వదిలాడు. ఇక అక్క ఒక్కతే.

అక్క గుమ్మం వైపు పోలేదు. కుంటుకుంటూ మిషన్ పక్కకి వెళ్ళింది, పెట్టె దగ్గరికి. పెదవులు కదులుతున్నాయి. ముందు బొత్తం, తర్వాత గుమ్మం.

"అక్కా, వద్దు!"

చేతిలో స్పానరుని గోడకేసి బాదాడు. "నొక్కకే! అక్కా!" దూది పెట్టుకున్న చెవులవి. ఆమె తమ్ముడు నేర్పినట్టే, అరచేతిని నిండుగా పెట్టి బొత్తం నొక్కింది.

మోటారు ఊళ తగ్గింది. తర్వాత అత్తగారి గొంతు దిగడం మొదలైంది, మెట్టు మెట్టుగా. తమ్ముడి కళ్ళముందు షాఫ్టు ఒకసారి ఎగిరింది. గీత తెరుచుకుంది. ఈసారి మూసుకోలేదు. తెల్లడబ్బీ ఊడి అతని కాళ్ళ దగ్గర గ్రీజు గుడ్డల్లో పడింది. గూడు రెండు ముక్కలై, లావుపాటి షాఫ్టు అతని చేతికందే దూరంలోంచి ముందుకి, గదిలోకి, లాక్కుపోయినట్టు మాయమైంది.

ఆ చప్పుడు ఎలాంటిదని అడిగితే గేటు బయటున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. బండి గుద్దిందని ఒకరు, గోడ కూలిందని ఒకరు. 

తమ్ముడు సందులోంచి వచ్చేసరికి గదిలో అంతా నీళ్ళూ ఆవిరీ. డ్రమ్ము తలుపుని ఊడబెరుక్కుని, మడతల బల్లని ముక్కలు చేసి, ఎదుటి గోడలో సగం దిగి ఆగింది. తడి కంబళ్ళు పేగుల్లా బయటికి వేలాడుతున్నాయి. అక్క నిలబడే చోట, వీపు ఆనించే చోట, నేల కూడా సరిగా లేదు.

పెట్టె కింద గోడకి చారగిలబడి కూర్చుని ఉంది పెద్దక్క. కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని ఉంది. వేళ్ళు ఉండాల్సిన తీరులో లేవు. పెట్టె విరిగి ఆ చేతి మీదే పడింది. మనిషి బతికే ఉంది. కళ్ళు తెరిచి, డ్రమ్ము వంక చూస్తోంది.

"నొక్కాన్రా," అంది. "ముందే నొక్కాను."

"నొక్కావక్కా."

"మరెందుకు ఆగలేదు?"

తమ్ముడు ఆమె పక్కన నీళ్ళలో కూలబడి, కండువా తీసి ఆ చేతికి చుట్టాడు.  బొత్తం నొక్కకపోయి ఉంటే కాసేపటికైనా ఇదే జరిగేది, అప్పటికి ఆమె గేటు బయట ఉండేది. బొత్తం నొక్కడానికి పక్కకి రాకపోయి ఉంటే ఆ తలుపుకే వీపు ఆనించి ఉండేది. ఏది ఆమెని కాపాడిందో, ఏది ఆమె చెయ్యి తీసిందో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. బయట తొందర సారు ఆసుపత్రి బండివాణ్ణి కేకేస్తున్నాడు. మొదటిసారి ఆ గొంతులోని తొందర మనిషి కోసం.

నీళ్ళలో పడి ఉన్న పెద్దక్క ఫోను వెలిగింది. పచ్చ చుక్క. తర్వాత తమ్ముడి జేబులో ఫోను మోగింది.

"ఏం లేదండీ," అంది కబుర్లమ్మాయి హుషారుగా. "ఇందాక ఒక్క క్షణం ఎర్రగా వచ్చింది కదా, కంగారు పడతారని చేశాను. ఎవరో డబ్బీకి తగిలినట్టుంది, దాన్ని లెక్కలోంచి తీసేశాం. ఇప్పుడు చూస్తే అదురే లేదు. మిషన్ ఆపి ఉంచినట్టున్నారు, హాయిగా ఉంది."

తమ్ముడు గోడలో ఉన్న డ్రమ్ము వంక చూశాడు. సందులో, గ్రీజు గుడ్డల మెత్తటి పక్క మీద, తెల్లడబ్బీ కదలకుండా పడుకుని ఉంటుంది.

"మిషన్ లేదమ్మా," అన్నాడు.

"అంటే?"

"పోయింది. ఆ నేర్చుకున్నది తుడిచెయ్యి. అదంతా జబ్బు. కోడళ్ళది... మిగతా రెంటిదీ కూడా చూడు."

ఆమెకి సగమే అర్థమైనట్టుంది. కొంచెం ఇబ్బందిగా అంది. "తుడిచెయ్యడం నా చేతుల్లో లేదండీ. మీ మిషన్ ఇన్నాళ్ళూ ఎంత నిలకడగా ఉందో చూసి, అదే రకం మిషన్లు ఉన్న మిగతా లాండ్రీలన్నిటికీ మీదాన్నే కొలతగా పెట్టారు మావాళ్ళు. వాళ్ళకి మొదట్లో చాలా ఎర్రగా వచ్చేది. ఏం చెయ్యాలని అడిగితే, మీరు చేసిందే చెప్పాను. కొత్త బేరింగులు తీసేసి పాతవి పెట్టమని. ఇప్పుడు అందరికీ పచ్చగానే ఉంది."

"ఎవర్రా అది?" అంది పెద్దక్క, కళ్ళు మూతలు పడుతుంటే. "ఏమంటోంది?"

తమ్ముడు ఆమె తలని తన భుజానికి ఆనించుకున్నాడు. ఫోనుని రెండో చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"అమ్మా, ఫోను పెట్టకు. ఆ లాండ్రీల నంబర్లు చెప్పు. ఒక్కొక్కటీ చెప్పు. ఇప్పుడే."

అవతల మీటల చప్పుడు మొదలైంది. ఆగింది.

"అవి బయటివాళ్ళకి చెప్పకూడదండీ," అంది కబుర్లమ్మాయి.